స్టేషన్‌లో జరిగిన అఘాయిత్యం: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా చెల్లెలు కస్టడీలో ఉండగా ఎస్సై అత్యాచారం చేశాడు. ‘తనూ ఒప్పుకుందని చెబుతా’ అని బెదిరిస్తున్నాడు. కేసు నిలుస్తుందా? – ఓ అక్క

జవాబు: నిలుస్తుందమ్మా. భారతీయ న్యాయ సంహిత 64(2) సెక్షన్ కింద ఈ నేరానికి కనీసం 10 ఏళ్ల కఠిన కారాగారం, గరిష్ఠంగా జీవితఖైదు. లైంగిక చర్య రుజువై, తను ఒప్పుకోలేదని మీ చెల్లెలు కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. 1972లో మహారాష్ట్ర ఠాణాలో అత్యాచారానికి గురైన ఆదివాసీ అమ్మాయి కేసులో, గాయాల్లేవంటూ 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. దేశమంతా నిరసనలు వెల్లువెత్తాకే 1983లో ఈ రక్షణ వచ్చింది.

ఆలస్యం చేయకండి. ఆనాటి బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో దాచండి. వెంటనే వైద్యపరీక్ష చేయించండి. వేరే స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ పెట్టొచ్చు; తీసుకోకపోతే ఎస్పీకి రాయండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. మీ చెల్లెలి తప్పేమీ లేదు, ధైర్యంగా నిలబడండి.