కొత్త బల్బు వేసినా మసక వెలుగేనా?

పాత అంబాసడర్ కారు ఒకటి ఉందనుకోండి. (ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కాని, అక్కడక్కడ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.) రాత్రిపూట దాని ఎడమ హెడ్‌లైటు తెల్లగా వెలుగుతోంది. కుడిది మాత్రం కిరసనాయిలు దీపంలా ఎర్రగా, మసకగా ఉంది. మన దేశంలో బళ్లు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. కాబట్టి కుడి దీపమే రోడ్డు మధ్యకు దగ్గరగా ఉంటుంది. అది కనిపించకపోతే ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు, ఆ పక్కగా ఏదో మోటారు సైకిలు వస్తోందనుకుని ధైర్యంగా ముందుకు వచ్చేస్తాడు! సంగతి చిన్నదేమీ కాదు.

బల్బు పాడైందని కొత్తది వేశారు. తేడా లేదు. బల్బు ఊడదీసి, సాకెట్టులో వోల్టుమీటరు పెట్టి చూశారు. సరిగ్గా 12 వోల్టులు! బల్బూ మంచిదే, కరెంటూ వస్తోంది. మరి దోషం ఎక్కడ?

కారులో కరెంటు నడిచే దారి చూద్దాం. బ్యాటరీ నుంచి బయలుదేరి, స్విచ్చి, డిప్పర్ స్విచ్చి దాటి, తీగగుండా బల్బును చేరుతుంది. తిరిగి బ్యాటరీకి వెళ్లడానికి మాత్రం పొడుగాటి తీగ ఉండదు. హెడ్‌లైటు దగ్గర ఒక చిన్న తీగను మరతో కారు శరీరానికి బిగిస్తారు. అక్కడి నుంచి ఇనుప రేకే తీగలా పనిచేస్తుంది. దీన్నే మెకానిక్కులు ‘బాడీ ఎర్త్’ అంటారు. వానలోనూ బురదలోనూ పాతికేళ్లు తిరిగిన కారులో ఆ మర తుప్పు పడుతుంది, ఇత్తడి ముక్కలకు చిలుము పడుతుంది. తీగ తెగిపోదు, కాని కరెంటుకు అడ్డం మాత్రం పెరుగుతుంది.

ఎంత అడ్డం ఉంటే ఎంత నష్టం? 1827లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓమ్ ప్రచురించిన నియమం మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. 12 వోల్టుల, 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 2.4 ఓములు. తుప్పు పట్టిన మర దగ్గర కేవలం 0.4 ఓము చేరిందనుకోండి. మొత్తం 2.8 ఓములు. ప్రవాహం 4.3 ఆంపియర్లకు తగ్గుతుంది. ఆ మర దగ్గరే 1.7 వోల్టులు ఖర్చయిపోతాయి, బల్బుకు మిగిలేది 10.3 మాత్రమే. (ఫిలమెంటు కాస్త చల్లబడితే దాని నిరోధమూ కొంచెం మారుతుంది, మన లెక్కకు ఇది చాలు.)

వోల్టులు ఏడో వంతు తగ్గాయి కదా, వెలుగూ అంతే తగ్గుతుందనుకుంటే పొరపాటు. ఫిలమెంటు వేడి తగ్గినకొద్దీ వెలుగు చాలా వేగంగా పడిపోతుంది. 10.3 వోల్టుల దగ్గర అసలు వెలుగులో సుమారు 60 శాతమే మిగులుతుంది. పైగా ఆ చిన్న మర దగ్గర 7 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అలాంటి అడ్డమే సాకెట్టులో ఏర్పడితే అక్కడి ప్లాస్టిక్కు కరిగిపోవడం ఇందుకే.

అయితే వోల్టుమీటరు 12 అని ఎందుకు చూపింది? బల్బు తీసేశారు కాబట్టి! వోల్టుమీటరు గుండా ప్రవాహం దాదాపు ఉండదు. ప్రవాహం లేనప్పుడు 0.4 ఓము దగ్గర పోయే వోల్టులూ ఉండవు. నాచు పట్టిన గొట్టంలో కూడా కుళాయి కట్టేసి ఉన్నంతసేపు నీటి ఒత్తిడి నిండుగానే ఉంటుంది. తిప్పితేనే బండారం బయటపడుతుంది. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, వాటి మధ్య ఒక పెన్సిలు ములుకు శ్రేణిలో కలిపి మీరే చూడండి. బల్బు ఉన్నప్పుడూ తీసినప్పుడూ హోల్డరు దగ్గర వోల్టులు కొలిస్తే తేడా తెలుస్తుంది.

కాబట్టి పరీక్ష దీపం వెలుగుతుండగానే చేయాలి. మీటరు ఒక కొనను బల్బు ఎర్త్ తీగ మొదట, రెండోదాన్ని బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టాలి. సున్నాకు దగ్గరగా ఉంటే దారి మంచిదే. 1.7 వస్తే దొంగ దొరికినట్లే! మర విప్పి, గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాలి. ఇదంతా పెద్దవాళ్లు దగ్గరుండగా చేయవలసిన పని. బ్యాటరీ పాజిటివ్‌ను ఇనుప వస్తువుతో శరీరానికి తగలనిస్తే పెద్ద నిప్పురవ్వలు లేస్తాయి. ఫ్యూజు పోయినచోట లావు రాగితీగ చుట్టడం కొందరికి అలవాటు. అది కారుకే నిప్పు పెట్టుకోవడం లాంటిది.

రెండు దీపాలూ మసకబారితే వెతకవలసింది ఉమ్మడి దారిలో: బ్యాటరీ, స్విచ్చి, డిప్పర్. ఇంజను వేగం పెంచగానే వెలుగు బాగా పెరిగితే బ్యాటరీనీ, దాన్ని నింపే యంత్రాన్నీ అనుమానించాలి.

చివరగా ఒక వింత. హెడ్‌లైటు బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. డ్రైవర్ల భాషలో ఒకటి డిమ్ము, రెండోది బ్రైటు. రెండింటికీ ఎర్త్ ఒక్కటే. కుడి బల్బు ఎర్త్ పూర్తిగా ఊడిపోయిందనుకోండి. డిమ్ము వేస్తే కుడి దీపం ఎర్రగా వెలుగుతుంది. వేయని బ్రైటుకు గుర్తుగా డ్యాష్‌బోర్డు మీద ఉండే చిన్న దీపం కూడా మినుకుమంటుంది! ఎర్త్ దొరకని కరెంటు కుడి బల్బులోని బ్రైటు ఫిలమెంటుగుండా వెనక్కు నడిచి, బ్రైటు తీగ పట్టుకుని, ఎడమ బల్బు బ్రైటు ఫిలమెంటులో దూరి, అక్కడి ఎర్త్‌ను చేరుకుంటుంది. మూడు ఫిలమెంట్లు శ్రేణిలో పడ్డాయి కాబట్టి ఒక్కొక్కదానికి దక్కేది దాదాపు 4 వోల్టులే. పటం గీసి, ఆ దారిని పెన్సిలుతో అనుసరించి చూడండి.