స్త్రీని చెరపడానికి ఎన్ని నొక్కులు?

పోయిన పొంగల్ సెలవులకు అత్తిమంజేరిపేటకు పోయినప్పుడు మా అవ్వ తన బటన్ ఫోన్ నా చేతికిచ్చి, "ఇదేందో చూడు మే, నాకు చదువు మరిచిపోయినట్టుండాది" అనింది. మా అత్త కొడుకు పంపిన మెసేజ్. తెలుగులోనే ఉంది. కానీ ఇట్లా ఉంది: "అవ్‌వా, పండక్‌కి వస్‌తున్‌నాము." గుణింతాలు కుదురుగానే ఉన్నాయి. వత్తు పడాల్సిన చోటల్లా మాత్రం పొల్లు నిలబడింది.

అవ్వ ఐదో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. ఇప్పటికీ పంచాంగం, పాత వారపత్రికలు తనే చదువుకుంటుంది. అలాంటి మనిషి ఆ మెసేజ్ ముందు తడబడి, తప్పు తనదే అనుకుంది. కళ్ళజోడు మార్చాలేమో అని కూడా అడిగింది. ఫోన్ తప్పుగా రాసి ఉండొచ్చని ఆమెకు తోచనే లేదు. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికా పరిశోధకుడు రోజువారీ వస్తువుల తయారీ గురించి 1988లో ఒక పుస్తకం రాశాడు. లాగాలో తోయాలో తెలియని తలుపు దగ్గర మనిషి తన్ను తాను తిట్టుకుంటాడుగానీ, అసలు తప్పు ఆ తలుపును అట్లా చేసినవాళ్ళదని అందులో వాదిస్తాడు. అవ్వ ఫోన్ కూడా అలాంటి తలుపే.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. తిరువళ్ళూరు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకున్న మగ్గాల ఊరు. తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది 1960 ఏప్రిల్ 1న. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నేను కూడా బడిలో తమిళమే చదివి, తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర దిద్దుకుని ఈ శాఖలో చేరినదాన్ని. మాలాంటి ఊళ్ళలో బస్సు బోర్డు మీద తెలుగు లేదు, రేషన్ కార్డు మీద లేదు, అంగడి రసీదు మీద లేదు. తెలుగు లిపి రోజూ కంటపడే చోటు ఏదైనా మిగిలిందంటే అది ఫోనే. అందుకే ఫోన్‌లో తెలుగు సరిగా పడకపోవడం నాకు చిన్న విషయంగా కనిపించలేదు.

సరే, అసలు పాఠంలోకి వద్దాం. మీ ఫోన్ తీసి "స్త్రీ" అని కొట్టండి. మనకు అది ఒకటే అక్షరం. ఇప్పుడు చెరిపే మీటను ఒక్కొక్కసారి నొక్కుతూ లెక్కపెట్టండి. నా ఫోన్‌లో ఆరు నొక్కులు పట్టాయి. మొదటి నొక్కుకు దీర్ఘం పోయింది, రెండో దానికి రవత్తు, తర్వాత ఎక్కడా లేని పొల్లు ఒకటి పైకొచ్చి మళ్ళీ పోయింది. మా క్లాసులోనే ఒకామె ఫోన్‌లో ఒక్క నొక్కుకే మొత్తం మాయమైంది. అంటే దీర్ఘం ఒక్కటి తప్పుపడినా ఆమె మళ్ళీ మొదటినుంచి కొట్టుకోవాలి. రెండూ తిప్పలే.

ఆరు ఎందుకు? యంత్రం దాచుకునేది అక్షరాల బొమ్మలు కాదు, సంకేత సంఖ్యలు. యూనికోడ్ అనే అంతర్జాతీయ పట్టికలో 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే తెలుగు ఉంది. మనకిచ్చిన గళ్ళు 128. అందులో అచ్చులున్నాయి, హల్లులున్నాయి, గుణింతపు గుర్తులున్నాయి, పొల్లు ఉంది. వత్తులకు మాత్రం విడిగా గళ్ళు లేవు. తవత్తు కావాలంటే పొల్లు, దాని వెనక త. కాబట్టి "స్త్రీ" అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. మొత్తం ఆరు.

ఇది వినగానే "చూశావా, మన భాష తెలియనివాళ్ళు చేసిన పని" అని కోపమొస్తుంది. నాకూ వచ్చింది. కానీ కాస్త ఆగి చూడండి. చేత్తో రాసేటప్పుడు మనం స మీదే గుడి దీర్ఘం పెట్టేసి, ఆ తర్వాత కింద త, ర వత్తులు వేస్తాం. యంత్రం ఆ వరస పాటించదు. అది పాటించేది స్ + త్ + ర్ + ఈ అనే వరస. వ్యాకరణం క్లాసులో మేడమ్ బోర్డు మీద విడదీసి చూపించేది సరిగ్గా ఇదే కదా! ఈ ఏర్పాటు యూనికోడ్‌వాళ్ళు కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. మన దేశంలోనే తయారైన ఇస్కీ అనే పాత ప్రమాణం నుంచి తీసుకున్నది. దాచే పద్ధతిలో లోపం లేదనే నా అభిప్రాయం. దాచినదాన్ని తెరమీద కూర్చేటప్పుడు, దిద్దేటప్పుడు, చెరిపేటప్పుడు లోపాలు పుడుతున్నాయి. మా ఊరి మాటల్లో చెప్పాలంటే అవ్వ ఫోన్‌కు నూలు సరిగానే చేరింది, నేసే మగ్గమే అందులో లేదు.

ఇంకో చిత్రం ఉంది. తమిళంలో వత్తులు లేవు. హల్లు మీద చుక్క పెట్టి, పక్కన ఇంకో హల్లు రాస్తారు. "అవ్‌వా" అని పొల్లు కనబడేలా రాయడం తమిళ పద్ధతిలో తప్పేమీ కాదు, అదే ఒప్పు. అంటే అవ్వ ఫోన్ తెలుగు అక్షరాలతో తమిళంలా రాసింది! ఇది చెప్తే అవ్వ పెద్దగా నవ్వింది. "ఫోన్ కూడా ఈ ఊరి బడిలోనే చదివిందా?" అనింది.

మెసేజ్ పొడవు సంగతీ ఇలాగే ఉంటుంది. మామూలు ఎస్సెమ్మెస్‌కు ఉన్న చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు ఒక్కో సంకేతానికి 16 బిట్లు కావాలి, కాబట్టి 70 మాత్రమే. మా ఊరి పేరుతో లెక్క వేసి చూశాను. "అత్తిమంజేరిపేట" మనకు ఏడు అక్షరాలు, యంత్రానికి పద్నాలుగు సంకేతాలు. ఇంగ్లీషులో రాసినా సరిగ్గా పద్నాలుగు అక్షరాలే. అయినా ఒక మెసేజ్‌లో ఖాళీలు లేకుండా ఇంగ్లీషులో పదకొండుసార్లు పడుతుంది, తెలుగులో ఐదుసార్లే. పైగా ఇంగ్లీషు మెసేజ్ మధ్యలో ఒక్క తెలుగు అక్షరం దూరినా మొత్తం మెసేజ్‌కే 70 లెక్క వర్తిస్తుంది. ఊళ్ళలో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే అలవాటు చేసుకున్నారంటే బద్ధకం ఒక్కటే కారణం కాదు. మెసేజ్‌కింత అని డబ్బు కట్టిన రోజుల్లో అది పొదుపు కూడా.

2018 ఫిబ్రవరిలో జరిగినది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొడుతోందని ప్రపంచమంతా వార్త వచ్చింది. "జ్ఞా" అనే అక్షరమున్న మెసేజ్ వస్తే దాన్ని చూపించబోయిన యాప్ మూతపడిపోయేది. తెరిస్తే మళ్ళీ మూతే. ఆపిల్ కంపెనీ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అప్పుడు వచ్చిన జోకులు చదివితే తెలుగు లిపే అంత గజిబిజి అన్నట్టుంది. కానీ నిజానికి మనం మామూలుగా రాసే "జ్ఞానం" ఏ ఫోన్‌నూ పడగొట్టలేదు. పడగొట్టిన వరసలో జ, పొల్లు, ఞ, దీర్ఘంతో పాటు ఇంకొకటి దాక్కుని ఉంది. వెడల్పు లేని, కంటికి కనబడని ఒక విడదీత గుర్తు అది. అది ఞ కూ దీర్ఘానికీ మధ్య దూరింది. ఆ గుర్తు పనికిరానిదేమీ కాదు. "పోస్ట్‌మాన్" అనే మాటలో ట కింద మవత్తు పడకుండా నిలిపేది అదే. కానీ అది అక్కడ ఉంటుందని అక్షరాలు కూర్చే ప్రోగ్రామ్ అనుకోలేదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి వరసలకే ఆ ప్రోగ్రామ్ కూలిపోయింది. నిందంతా మాత్రం "తెలుగు అక్షరం" మీదే పడింది. అవ్వ తన కళ్ళను అనుమానించింది, లోకం మన జ్ఞ ను అనుమానించింది.

ఇక టైపు చేసే పని. ఇక్కడ తమిళాన్ని చూస్తే నాకు కొంచెం అసూయే. 1999 ఫిబ్రవరిలో చెన్నైలో తమిళ్‌నెట్ 99 అనే సమావేశం జరిగింది. దాని తర్వాత తమిళ్ 99 అనే కీబోర్డును తమిళనాడు ప్రభుత్వం ప్రమాణంగా తీసుకుంది. అందులో అ, మ, మ అని మూడు మీటలు నొక్కితే "అమ్మ" వచ్చేస్తుంది. ఒకే హల్లు రెండుసార్లు పడితే మొదటిదాని మీద చుక్క దానంతటదే పెట్టుకుంటుంది. అనునాసికం వెంట దాని వర్గపు హల్లు వచ్చినా అంతే. తమిళంలో ఆ జంటలే ఎక్కువ వస్తాయని తెలిసినవాళ్ళు కూర్చుని చేసిన పని అది. మన తెలుగుకున్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు భారతీయ లిపులన్నిటికీ కలిపి ఒకే పద్ధతిలో చేసినది. అందులో "అమ్మ"కు షిఫ్ట్ పట్టుకుని అ, తర్వాత మ, పొల్లు, మళ్ళీ మ కొట్టాలి. లిపులన్నిటికీ ఒకే చోట ఒకే ధ్వని ఉండటం మంచిదే, ఒకటి నేర్చుకుంటే తక్కినవీ వస్తాయి. కాని ఏ ఒక్క భాష నడకనూ అది ప్రత్యేకంగా పట్టించుకోలేదు. తమిళ్ 99 పద్ధతిని తెలుగుకు ఉన్నదున్నట్టు తెచ్చుకోగలమా అంటే "మమత", "మమకారం" కొట్టేటప్పుడు ఇబ్బందే. తమిళంవాళ్ళు అలాంటి చోట మధ్యలో అ మీట నొక్కుతారు. మనకూ అది చాలునేమో, ఎవరైనా కూర్చుని మన మాటలు లెక్కపెట్టి చూడాలి. ఇది మన శాఖలో ప్రాజెక్టుగా చేయదగ్గ పని అని నాకనిపిస్తుంది.

ఫోన్‌లో మనలో ఎక్కువమంది కొట్టేది ఇంగ్లీషు అక్షరాలతోనే, ఫోన్ దాన్ని తెలుగు చేస్తుంది. సులువే, కాదనను. కానీ ఎన్, ఈ, ఎల్, ఏ అని కొడితే అది "నెల"నా "నేల"నా? "కలం" కావాలంటే "కాలం" వస్తుంది. వచ్చిందే చాలులే అని పంపేస్తాం. హ్రస్వం, దీర్ఘం తేడా చెవికి తెలిసినా వేలికి తెలియకుండా పోతోంది. నోటితో చెప్పి రాయించే పద్ధతి అవ్వలాంటివాళ్ళకు వరం అనుకున్నాను. అవ్వ నా ఫోన్ పట్టుకుని "చీర ఆడ ఉండాది" అనింది. ఫోన్ "చీర ఆడ ఉన్నది" అని దిద్ది రాసింది. అవ్వ మాట అవ్వ నోట్లోనే ఆగిపోయింది.

పేర్ల గోల వేరే ఉంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. యూనికోడ్ తమిళ పట్టికలో ఖ, గ, ఘ ఉండాల్సిన మూడు గళ్ళు ఖాళీగానే వదిలేశారు. మనిషి చదివితే సందర్భాన్ని బట్టి గ అని పలుకుతాడు. యంత్రానికి ఆ సందర్భం తెలియదు. కాబట్టి మా వైపు "గంగమ్మ" అనే పేరు ముందు తమిళంలోకి, అక్కణ్ణుంచి యంత్రం చేతిమీదుగా తెలుగులోకి తిరిగొచ్చేసరికి "కంకమ్మా" అయిపోతుంది. "ధనలక్ష్మి" వెళ్ళి "తనలట్సుమి"గా వస్తుంది. దీనికి తోడు ఇనీషియల్. సరిహద్దుకు అవతల మా బంధువులకు అది ఇంటిపేరు, ఇవతల మాకు నాన్నపేరు. స్కాలర్‌షిప్ దరఖాస్తు చేసినప్పుడు "చివరి పేరు" అనే గడి ఖాళీగా ఉంచితే ముందుకు పోనివ్వలేదు. నాన్నపేరు రాస్తే మార్కుల జాబితాతో పోలడం లేదంది. మూడుసార్లు తిరుత్తణికి పోయి వచ్చాక ఇంటర్నెట్ సెంటర్ అన్న ఒక చుక్క పెట్టి చూడమన్నాడు. ముందుకు పోయింది. ఇప్పుడు ఆ కాగితాల్లో నా చివరి పేరు చుక్క.

మళ్ళీ అవ్వ దగ్గరికి. కొత్త ఫోన్ కొనిస్తానంటే వద్దనింది. ఈ బటన్లకు చెయ్యి అలవాటైందట. సరే, వత్తులు లేని మాటలతోనే మెసేజ్ రాద్దాం, అప్పుడు పొల్లు నిలబడే పనే ఉండదు కదా అనుకున్నాను. కూర్చుని రాయబోతే "అవ్వా" అనే పిలుపులోనే వత్తు ఉంది! అమ్మ, అయ్య, అక్క, అన్న, అత్త, తమ్ముడు, చెల్లెలు, ఏదీ కుదరదు. మామ, బావ, వదిన, మరిది మాత్రం హాయిగా పడతారు. చివరికి ఇలా రాసి పంపాను: "ఆదివారం రాను. చదువు పని ఉంది. కోపం వలదు."

పది నిమిషాల్లో అవ్వ ఫోన్ చేసింది. అక్షరాలన్నీ బాగా కనిపించాయట. "అంతా చదివినానుగానీ, అవ్వా అని పిలవకుండా రాసినావేమే?" అనింది.