గగనయానంలో భద్రత

ప్రమాదమనే మాటకు సంస్కృతంలో ఏమరుపాటు, పరాకు అని అర్థం. తెలుగులో అది ఏమరుపాటు వలన వాటిల్లే కీడుకే పేరై స్థిరపడింది. కారణానికి ఉన్న పేరు ఫలితానికి రావడంలో ఒక చిక్కు ఉంది. ఆపద జరిగిందంటే ఎవరో ఒకరు పరాకున ఉన్నారనీ, ఆ ఒక్కరిని గుర్తించి దండిస్తే పని ముగిసిందనీ మనస్సు సమాధానపడుతుంది. విమానయాన రంగం కూడా చాలాకాలం ఇదే దృష్టితో నడిచింది. ఎన్నో ప్రాణాలు పోయిన తరువాత గాని ఆ దృష్టి మారలేదు. మనిషి అన్నవాడు పొరపాటు చేయక మానడు. అది ప్రాణాంతకం కాకముందే పట్టుకునే ఏర్పాటు ఉన్నదా, లేదా అన్నదే నేడు ఆ రంగంలో ముందుగా అడిగే ప్రశ్న.

మన దేశపు గగనతలంలోనే జరిగిన ఒక దుర్ఘటన ఈ మార్పు ఎంత అవసరమో చూపుతుంది. 1996 నవంబరు 12వ తేదీ సాయంత్రం సౌదీ అరేబియా సంస్థకు చెందిన బోయింగ్ 747 విమానం 312 మందితో ఢిల్లీ నుండి పైకి లేచింది. వారిలో చాలామంది బ్రతుకుతెరువు కోసం గల్ఫ్ ప్రాంతానికి పోతున్న భారతీయులు. అదే వేళకు కజకిస్థాన్‌కు చెందిన ఇల్యూషిన్-76 విమానం 37 మందితో ఢిల్లీలో దిగడానికి ఎదురుగా వస్తూ ఉంది. పైకి పోయే విమానాన్ని 14,000 అడుగుల ఎత్తున, క్రిందికి వచ్చే విమానాన్ని 15,000 అడుగుల ఎత్తున ఉండవలసిందిగా గగనతల నియంత్రణాధికారి ఆదేశించాడు. వెయ్యి అడుగుల ఎడం పాటిస్తే ఒకదాని మీదుగా మరొకటి క్షేమంగా సాగిపోతుంది. కాని ఇల్యూషిన్ 15,000 అడుగుల వద్ద నిలువలేదు. ఇంకా క్రిందికి దిగింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపాన రెండు విమానాలూ ఢీకొన్నాయి. మొత్తం 349 మందిలో ఒక్కరూ మిగలలేదు.

విచారణ జరిపిన జస్టిస్ ఆర్.సి. లహోటీ సంఘం, ఇల్యూషిన్ తనకు కేటాయించిన ఎత్తును వీడి దిగడమే ఇందుకు కారణమని తేల్చింది. తప్పు ఎవరిదన్న ప్రశ్నకు ఇది సమాధానమే. అయితే ఆ తప్పును నడుమ ఏదీ ఎందుకు అడ్డుకోలేకపోయిందన్నది వేరొక ప్రశ్న. ఇల్యూషిన్‌లో నియంత్రణాధికారితో మాట్లాడినది పైలట్ కాదు, రేడియో ఆపరేటరు. ఎత్తును తెలిపే పరికరం అతని ఎదుట ప్రత్యేకంగా లేదు; పైలట్ల భుజాల మీదుగా తొంగిచూడవలసిందే. ఆదేశాలు వచ్చేది ఆంగ్లంలో. ఆ సిబ్బందికి ఆంగ్లం అంతంతమాత్రం. నేలమీద చూస్తే, అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడున్నదో చూపేది గాని ఎంత ఎత్తున ఉన్నదో చూపేది కాదు. గగనతలంలో అధికభాగం వైమానిక దళం అధీనంలో ఉండడంచేత వచ్చే విమానాలకూ, పోయే విమానాలకూ ఒకే మార్గం వాడుకలో ఉండేది. ఈ లోపాలలో ఏ ఒక్కటీ తనంతట తాను విమానాన్ని కూల్చగలిగేది కాదు. అన్నీ ఆ సాయంత్రం ఒక్కచోట కలిశాయి.

ఇటువంటి కలయికను బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ చిల్లులున్న జున్ను ముక్కలతో పోల్చి వివరించాడు. మనకు తడికల పోలిక మరింత దగ్గరగా ఉంటుంది. ఒకదాని వెనుక ఒకటిగా నిలిపిన తడికలకు ఒక్కొక్కచోట చిల్లు ఉన్నంత మాత్రాన బాణం దూరిపోదు. చిల్లులన్నీ ఒకే వరుసలోకి వచ్చిన క్షణాన అది దూసుకుపోతుంది. పైలట్ ఒక తడిక, నియంత్రణాధికారి ఒక తడిక, రాడార్ మరొకటి. చర్ఖీ దాద్రీ తరువాత ఢిల్లీలో రాకపోకలకు వేర్వేరు మార్గాలు ఏర్పడ్డాయి. ఎత్తును కూడా చూపే ద్వితీయ రాడార్ వాడుకలోకి వచ్చింది. ఎదుటి విమానాన్ని పసిగట్టి హెచ్చరించే టీకాస్ పరికరాన్ని మన దేశంలో తప్పనిసరి చేశారు.

కొత్త తడిక కూడా కొత్త చిల్లుతోనే రావచ్చు. 2002 జూలై 1వ తేదీ రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ సమీపాన రెండు విమానాలు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. రెండింటిలోనూ టీకాస్ ఉంది. ఒకదానిని దిగమనీ, రెండవదానిని పైకి లేవమనీ అది సరిగానే చెప్పింది. కాని పైకి లేవవలసిన విమానాన్ని నియంత్రణాధికారి దిగమన్నాడు. సిబ్బంది అతని మాట విన్నారు. రెండూ కలిసి క్రిందికి దిగి ఢీకొనగా 71 మంది మరణించారు. యంత్రానికీ మనిషికీ మాట కలియనప్పుడు టీకాస్ సూచననే పాటించాలని ఆ తరువాత అంతర్జాతీయంగా స్పష్టం చేశారు.

ప్రమాదం జరిగిన పిమ్మట నేర్చుకునే పాఠానికి వెల ఎక్కువ. తృటిలో తప్పిపోయిన ఆపద కూడా అదే పాఠాన్ని చెబుతుంది. అయితే అది పదిమందికీ తెలియాలి. 1974 డిసెంబరు 1వ తేదీన అమెరికాలో టి.డబ్ల్యు.ఎ. సంస్థ విమానం వాషింగ్టన్‌కు చేరువలో ఒక కొండను ఢీకొంది. అందులోని 92 మందీ మరణించారు. దిగడానికి అనుమతి లభించిందంటే తక్కువ ఎత్తుకు దిగినా క్షేమమేనని పైలట్లు భావించారు. ఎత్తు చూసుకోవడం పైలట్ల పని అని నియంత్రణాధికారి భావించాడు. సుమారు ఆరు వారాల క్రితమే యునైటెడ్ సంస్థ విమానమొకటి అదేచోట, అదే అపోహతో దిగి, వెంట్రుకవాసిలో బయటపడింది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. ఆ హెచ్చరిక పొరుగు సంస్థకు చేరలేదు. ఈ అనుభవంతో 1976లో అమెరికాలో ఒక నివేదన వ్యవస్థ ఆరంభమైంది. పైలట్లు గాని, నియంత్రణాధికారులు గాని తమ పొరపాట్లను తామే వ్రాసి పంపవచ్చు. పేర్లు తొలగించి మిగిలిన విషయాన్ని అందరికీ తెలియజేస్తారు. దాని నిర్వహణను శిక్షించే అధికారమున్న సంస్థకు గాక నాసాకు అప్పగించడం గమనింపదగినది. దండన భయమున్నచోట నిజం కాగితం మీదికి రాదు.

ఆపద కలిగించగల స్థితి వేరు, దాని వలన కలిగే ముప్పు వేరు. మంగుళూరు విమానాశ్రయం కొండ నెత్తిన ఉంది; రన్‌వే అంచు దాటితే లోయ. కొండను తొలగించలేరు గాని ముప్పును తగ్గించవచ్చు. అది ఎంత తరచుగా ఎదురుకాగలదు, ఎదురైతే ఎంత నష్టం అని రెండు విధాల అంచనా వేసి, అందుకు తగిన కట్టుబాట్లు చేస్తారు. అక్కడ విమానాన్ని కెప్టెనే దించాలి, సహ పైలట్‌కు ఆ పని అప్పగించరాదన్న నియమం అటువంటిదే. 2010 మే 22వ తేదీన దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో ఆ నియమం పాటించారు. ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయిన కెప్టెన్ ఉండవలసిన దానికంటే ఎక్కువ ఎత్తు నుండి విమానాన్ని దించసాగాడు. దిగడం మాని తిరిగి పైకి లేపమని సహ పైలట్ మూడుసార్లు చెప్పినట్లు విచారణలో వెల్లడైంది. రన్‌వేలో సగానికి పైగా దాటిన తరువాత చక్రాలు నేలను తాకాయి. విమానం లోయలో పడి 158 మంది మరణించారు, ఎనిమిదిమంది బ్రతికారు. అనుభవాన్ని నమ్మి చేసిన నియమం అనుభవజ్ఞుడు పొరబడిన నాడు అక్కరకు రాలేదు.

పెద్దవారి మాటకు ఎదురు చెప్పరాదన్న మర్యాద ఇంట్లో శోభిస్తుంది. కాక్‌పిట్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. 1977లో టెనెరిఫే ద్వీపంలో రెండు జంబో విమానాలు నేలమీదనే ఢీకొని 583 మంది మరణించిన సందర్భంలోనూ, ఎదుటి విమానం రన్‌వే వీడినదా అని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. కెప్టెన్ ఆ సందేహాన్ని త్రోసిపుచ్చాడు. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ అటుపిమ్మటనే రూపుదిద్దుకొంది. ముందు తాను గమనించినది చెప్పడం, తరువాత చేయవలసినది సూచించడం, అప్పటికీ వినకపోతే గట్టిగా హెచ్చరించడం, చివరకు అవసరమైతే విమానాన్ని తన చేతిలోనికి తీసుకోవడం అనే క్రమాన్ని అందులో చిన్నవారికి నేర్పుతారు. ఆ తరగతిలో కెప్టెన్లూ కూర్చుంటారు. ఎదుటివారు చెబుతున్నప్పుడు ఆగి వినడాన్ని వారిచేత మరల మరల సాధన చేయిస్తారు.