కాగితంలో పెద్ద మాటలు

"కూడబలుక్కుని అంతా చదివాను అక్కా. ఒక్క ముక్కా బోధపడలేదు." పొలం కాగితం చూసి చాలామంది ఆడవాళ్లు అనే మాట ఇది. తప్పు వాళ్ల చదువుది కాదు. ఆ మాటలే అలాంటివి. కొన్ని సంస్కృతం మాటలు. కొన్ని నవాబుల కాలంలో వచ్చిన పారసీ మాటలు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. కరణాలు రాసేవారు. కరణాల పదవి 1984లో పోయింది. వాళ్ల మాటలు మాత్రం కాగితాల మీద ఉండిపోయాయి.

పారసీలో దస్త్ అంటే చెయ్యి. అందులోంచి పుట్టినవే దస్తావేజు, దస్తకత్తు. దస్తావేజు అంటే పత్రం. దస్తకత్తు అంటే సంతకం. వినడానికి దర్జాగా ఉంటాయి గానీ, ఇంతకు మించి ఏమీ లేదు.

క్రయం అంటే కొనడం. విక్రయం అంటే అమ్మడం. ముందు ఒక్క 'వి' చేరితే అర్థం తిరగబడుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన మాట తనఖా. అంటే తాకట్టు. నగలు తాకట్టు పెట్టడం అందరికీ తెలుసు. పొలాన్నీ అలాగే పెడతారు. ఒట్టి తనఖా అయితే పొలం మన చేతిలోనే ఉంటుంది. మనమే దున్నుకుంటాం. 'స్వాధీన తనఖా' అని రాస్తే వేరు. పొలం అప్పిచ్చినవాడి చేతికి పోతుంది. పంట అతనే తీసుకుంటాడు. అప్పు తీరేదాకా మన చేలో మనమే కూలికి పోవాల్సి రావచ్చు. ఇలాంటప్పుడే తొందరపెడతారు.

"ఏముందమ్మా, మామూలు తాకట్టేగా. వేలెయ్యి."

"ఉండండయ్యా. మరి స్వాధీనం అని ఎందుకు రాశారు?"

ఈ ఒక్క ప్రశ్నతో పొలం దక్కవచ్చు.

పొలం కాగితం ఎప్పుడో ఒకసారి వస్తుంది. అప్పు నోటు మాటిమాటికీ వస్తుంది. నోటులో డబ్బు రెండుసార్లు రాస్తారు. 'రూ. 5,000, అక్షరాలా అయిదు వేల రూపాయలు' అని. అక్షరాలా అంటే మాటల్లో రాసింది అని. అంకెకూ మాటకూ తేడా వస్తే చట్టం మాటనే లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి అంకె చూసి ఊరుకోకూడదు.

'నూటికి రెండు రూపాయల వడ్డీ' అంటే మన ఊళ్లలో నెలకు అని లెక్క. ఏడాదికి నూటికి 24 రూపాయలు. బ్యాంకువాళ్లు చెప్పే వడ్డీ ఏడాదికి. బ్యాంకులో 12 శాతం అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ.

ఇక చెల్లు. అప్పులో కొంత కట్టినప్పుడు, ఏ తేదీన ఎంత కట్టిందీ నోటు వెనక రాస్తారు. అదే చెల్లు రాయడం. చెల్లు లేకపోతే, కట్టానని రుజువు చెయ్యడం కష్టం. అందుకే డబ్బు ఇచ్చేముందు నోటు బయటికి తెమ్మనాలి. "తర్వాత రాద్దాంలే" అని అతనంటే, డబ్బు కొంగున ముడేసుకుని అక్కడే కూర్చోవాలి.