కుందేళ్ల పారుడు రోగము - బూజుగింజలు

సాయంకాలము మేత మేసిన కుందేలు తెల్లవారునప్పటికి కడుపుబ్బి, తోక క్రింద నీళ్లపెంట అంటుకొని చచ్చి పడియుండుట గలదు. మందు వెదకుటకు వ్యవధి యుండదు. కావున కారణములను సభ్యులు ముందే తెలిసికొనుట మేలని తలంచి వ్రాయుచున్నాము.

కుందేలు ఆవువలె నెమరు వేయదు. దాని పెద్దప్రేగు మొదట నొక సంచి గలదు. అందలి సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియజేసి ఆహారముగా మార్చును. ఆ సంచినుండి వెడలు మెత్తని పెంటికలను కుందేలు మరల తినును. అది రోగము గాదు, దాని స్వభావము. గడ్డి తగ్గించి గింజలు హెచ్చించినచో, అరగని పిండి ఆ సంచిలోనికి దిగును. అంతట క్లాస్ట్రీడియము జాతి బాక్టీరియాలు పెరిగి విషమును గ్రక్కును. ఇ.కోలై యనునవియు విజృంభించును. పాలు మాన్పిన పిల్లలే దీనికి ఎక్కువగా బలియగును.

ఇక బూజు సంగతి. మన ఎనుమాముల మార్కెటు యార్డునకు మొక్కజొన్న విశేషముగా వచ్చును. వానకు తడిసి ధర పలుకని గింజలను కుందేళ్లకు వేయుట లాభముగా తోచును. మా యభిప్రాయమున నది నష్టబేరమే. అట్టి గింజలపై పెరుగు ఆస్పర్జిల్లసు అను బూజు అఫ్లటాక్సిను అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చినది వేరుసెనగ పిండిలోని ఈ విషముచేతనే. 1982లో చిత్తూరు జిల్లాలో కోడిపిల్లలు చచ్చుటకును ఇట్టి మేతయే కారణము. కుందేలు ఈ విషమునకు మిక్కిలి లోకువ. కాలేయము చెడి, మేత మాని, చిక్కి చచ్చును. బూజు దులిపినను, ఎండబెట్టినను, ఉడికించినను ఒకసారి పుట్టిన విషము పోదు. గింజలను మొదటనే పంటి క్రింద టక్కున విరుగునట్లు ఎండించి దాచవలయును.

కుందేలు పెంటలో సూక్ష్మదర్శిని క్రింద ఈస్టుకణములు కనబడుట గలదు. అవి ఆరోగ్యము గల కుందేళ్లలోను ఉండునవే. వానిని జూచి బెదరవలదు.

పారుడు కనబడగానే మనుష్యులకిచ్చు ఆంపిసిలిను, అమాక్సిసిలిను మాత్రలు నూరి పోయరాదు. అవి మంచి సూక్ష్మజీవులను చంపి, క్లాస్ట్రీడియమునకే చోటిచ్చును. గింజలు మాన్పి, ఎండుగడ్డియు శుభ్రమైన నీరును ఇచ్చి, రోగిని వేరు బోనులో నుంచి, వెంటనే పశువైద్యునికి చూపవలయును. కాక్సిడియా యను మరియొక జీవివలనను ఇట్టి పారుడే కలుగును, దాని మందు వేరు. కావున చచ్చినదానిని పారవేయక, ఆ పూటనే పశువైద్యశాలకు కొనిపోయి కోయించి పరీక్ష చేయించవలయును.