గొంతు నుంచి తెరకు: గొల్లపూడి మారుతీరావు

అండమాన్‌లోని తెలుగు కుటుంబాలలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడ మీద వచ్చినవారు. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయే గొల్లపూడి మారుతీరావుగారిది కూడా ఆ తీరమే. ఆయన 1939 ఏప్రిల్ 14న విజయనగరంలో పుట్టారు. విశాఖపట్నంలో చదువుకొన్నారు.

ఆయన నటించిన మొదటి సినిమా విడుదలైనప్పుడు ఆయన వయసు ఎంతో ఊహించండి. నలభై మూడేళ్ళు!

అంతకుముందు ఏం చేశారు? 1959లో ‘ఆంధ్రప్రభ’ పత్రికలో ఉపసంపాదకునిగా చేరారు. తరువాత సుమారు ఇరవై ఏళ్ళు ఆకాశవాణిలో పనిచేశారు. రేడియోలో ముఖం కనిపించదు. కోపం, ప్రేమ, మోసం అన్నీ గొంతులోనే వినిపించాలి. ఓడల కబురు, తుపాను హెచ్చరిక రేడియోలో విని పెరిగిన మీకు గొంతు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఉద్యోగం చేస్తూనే కథలు, నాటకాలు, సినిమాలు రాశారు. చూపులేని బిచ్చగాళ్ళ గురించి ఆయన రాసిన ‘కళ్ళు’ నాటకం 1988లో సినిమాగా వచ్చింది.

1981లో ఆకాశవాణిని వదిలారు. మరుసటి ఏడాది కోడి రామకృష్ణ తీసిన ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’లో సుబ్బారావు వేషం వేశారు. తియ్యగా మాట్లాడుతూ చెడు చేసే మనిషి పాత్ర అది. ఆ తీపి మాట వెనుక రేడియో సాధన ఉందని నా అభిప్రాయం. తరువాత రెండువందల యాభైకి పైగా సినిమాలలో, టెలివిజన్ ధారావాహికలలో నటించారు. హెచ్‌ఎమ్‌టీవీలో ‘వందేళ్ళ కథకు వందనాలు’ అనే కార్యక్రమంలో తెలుగు కథలను ప్రేక్షకులకు పరిచయం చేశారు. నటుడిగా తెలిసిన మనిషి కథల గురించి మాట్లాడితే, పుస్తకం పట్టని ఇళ్ళలో కూడా విన్నారు.

ఆయన కుమారుడు శ్రీనివాస్ దర్శకుడయ్యారు. మొదటి సినిమా ‘ప్రేమ పుస్తకం’. 1992 ఆగస్టు 12న విశాఖ సముద్రతీరంలో చిత్రీకరణ జరుగుతుండగా అల వచ్చి ఆయనను లాగేసింది. ఆయన దక్కలేదు. సముద్రం పక్కన బతికేవారికి ఆ మాట వివరించనక్కరలేదు. ఆగిపోయిన ఆ సినిమాను తండ్రే దర్శకుడై పూర్తిచేశారు. అది 1993లో విడుదలైంది. కొడుకు తీయవలసిన దృశ్యాలను తాను తీయడం ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించి, అప్పుడు ముందుకు చదవండి.

శ్రీనివాస్ పేరుతో, మొదటి సినిమా తీసిన దర్శకులకు ఒక జాతీయ పురస్కారం ఏర్పాటు చేశారు. భాష ఏదైనా సరే. ‘తారే జమీన్ పర్’ చిత్రానికి ఆమిర్ ఖాన్ దీనిని అందుకొన్నారు.

మారుతీరావుగారు 2019 డిసెంబరు 12న చెన్నైలో మరణించారు.

పాఠ్యగత ప్రశ్నలు

1. రేడియో ఉద్యోగం మారుతీరావుగారి నటనకు ఎలా ఉపయోగపడి ఉంటుంది?
2. ‘ప్రేమ పుస్తకం’ను తండ్రి ఎందుకు పూర్తిచేసి ఉంటారు? మీకు తోచిన కారణం ఐదు వాక్యాలలో రాయండి.
3. మీ ఇంట్లో పెద్దవారిని ఒకరిని అడగండి: నలభై దాటాక వారు కొత్తగా మొదలుపెట్టిన పని ఏది? వారు చెప్పినది వారి మాటల్లోనే రాయండి.