తాగుడు మానడానికి తోడు

లక్ష్మమ్మ కూలికి పోతుంది. మొగుడు వెంకయ్య తాపీ మేస్త్రీ. మంచి పనిమంతుడు. కాని సాయంత్రం అయితే తాగాలి. సగం కూలి డబ్బులు అక్కడే పోతాయి.

"రేపటి నుంచి మానేస్తా" అని పిల్లల మీద ఒట్టు వేశాడు. దీపం ఆర్పి ప్రమాణం చేశాడు. మూడు రోజులు బాగానే ఉన్నాడు. నాలుగో రోజు మళ్లీ తాగాడు.

లక్ష్మమ్మ లాంటి వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆమె ఏం చేసిందో చదవండి.

ఒకసారి వెంకయ్య ఉన్నట్టుండి తాగుడు మానేశాడు. మర్నాటికి చేతులు వణికాయి. చెమటలు పట్టాయి. రాత్రి నిద్ర లేదు. గోడ మీద పాములు ఉన్నాయని కేకలు పెట్టాడు. అక్కడ పాములు లేవు.

"గాలి సోకింది" అన్నారు కొందరు. లక్ష్మమ్మ వినలేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

"అమ్మా, ఇది గాలి కాదు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే ఇలా అవుతుంది. ఫిట్సు వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు. తీసుకొచ్చి మంచి పని చేశావు" అన్నాడు డాక్టరు.

మందులతో వణుకు తగ్గింది. "ఒళ్లు కుదుటపడింది. ఇక మనసు నిలవాలి. దానికి తోడు కావాలి" అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. లక్ష్మమ్మ కూడబలుక్కుని చదివింది. "తాగుడు మానాలనుకునే వారి సమావేశం. ఆదివారం సాయంత్రం 5 గంటలకు." కింద ఫోను నంబరు ఉంది. చదువు రాకముందు అయితే ఆమెకు అది ఉత్త కాగితమే. ఇప్పుడు ఆ నంబరు చీటీ వెనక రాసుకుంది.

"పదిమందిలో నా పరువు తీస్తావా?" అన్నాడు వెంకయ్య.

"బ్రాందీ షాపు ముందు పడిపోతే చూడని వాళ్లెవరయ్యా? అక్కడికి వచ్చేదంతా నీలాంటి వాళ్లేనట. ఒక్కసారి పోదాం" అంది లక్ష్మమ్మ.

సమావేశంలో ఏం జరుగుతుంది?

1935లో అమెరికాలోని యాక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులు కలిశారు. ఒకరు షేర్ల వ్యాపారం చేసేవాడు. ఇంకొకరు డాక్టరు. ఒకరి బాధ ఒకరికి చెప్పుకున్నారు. అలా తోడుగా ఉంటే తాగకుండా ఉండవచ్చని తెలుసుకున్నారు. వాళ్లు మొదలుపెట్టిన సంఘం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. పొట్టిగా ఏ.ఏ. అంటారు. ఇప్పుడు మన దేశంలోనూ ఉంది. హైదరాబాదు, విశాఖపట్నం లాంటి పట్నాల్లో సమావేశాలు జరుగుతాయి.

చేరడానికి రుసుము లేదు. తాగుడు మానాలనే కోరిక ఉంటే చాలు. ఇంటిపేరు చెప్పనక్కరలేదు. అక్కడ విన్నది బయట చెప్పకూడదు. అక్కడ మందులు ఇవ్వరు. మందులకు ఆసుపత్రికే పోవాలి.

ఆ ఆదివారం వెంకయ్య ఒక మూల కూర్చున్నాడు. ఒక ఆటో డ్రైవరు లేచాడు. "తాగి ఇల్లు అమ్ముకున్నాను. ఇవాళ తాగలేదు" అన్నాడు. వెంకయ్య తల ఎత్తి చూశాడు.

"జన్మంతా తాగనని ఒట్టు పెట్టకు. ఈ ఒక్కరోజు తాగను అనుకో. రేపు మళ్లీ అలాగే అనుకో" అన్నాడు ఇంకొకాయన.

రెండో నెలలో వెంకయ్య మళ్లీ తాగాడు. సిగ్గుపడి సమావేశానికి పోలేదు. వాళ్లే ఫోను చేసి రమ్మన్నారు. ఎవరూ తిట్టలేదు. అప్పటి నుంచి ఆరు నెలలు అయింది. రోజు తర్వాత రోజు లెక్క పెట్టుకుంటున్నాడు.

మీ దగ్గర సమావేశం ఎక్కడో తెలుసుకోండి

1. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరును, నర్సును అడగండి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి.

2. 14446కు ఫోను చేయండి. తాగుడు, మత్తు మాన్పించడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు ఇది. డబ్బులు పడవు.

3. ఏ ఊరు, ఏ చోటు, ఏ రోజు, ఎన్ని గంటలకు? తెలుగులో మాట్లాడతారా? ఇంటివాళ్లు రావచ్చా? ఇవన్నీ అడిగి రాసుకోండి.

4. తాగేవాళ్ల ఇంటివాళ్లకు వేరే సంఘం ఉంది. పేరు అల్-అనాన్. ఆయన రాకపోయినా మీరు పోవచ్చు. ఆయన తాగుడుకు మీరు కారణం కాదు.

5. తెలియకుండా అన్నంలో కలిపే మందు అని అమ్ముతారు. కొనవద్దు. అది ప్రాణం మీదికి తేవచ్చు.

6. తాగి కొడితే ఓర్చుకోవద్దు. 181కి ఫోను చేయండి.

1992లో నెల్లూరు జిల్లాలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా మీద పోరాడారు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. దుకాణం మూయించడం ఒక పని. తాగే మనిషిని నిలబెట్టడం ఇంకో పని. రెండూ ఒంటరిగా అయ్యేవి కావు.

మాట్లాడుకోండి

- వెంకయ్య ఒట్టు ఎందుకు నిలవలేదు?
- లక్ష్మమ్మకు చదువు ఎలా పనికి వచ్చింది?
- మీ ఊరికి దగ్గరలో సమావేశం ఎక్కడ ఉంది? కనుక్కుని పలక మీద రాయండి.